పానింగ్: బండి షార్ప్‌గా, వెనకంతా గీతలుగా రావాలంటే ఎలా తీస్తున్నారు?

రాజమండ్రి కుర్రాడు

అందరికీ నమస్కారం అండి. కెమెరా కానన్ 200డీ మార్క్ 2, లెన్స్ 55-250 ఎస్‌టీఎం. సాయంత్రం పూట గోదారి గట్టు రోడ్డు మీద పోయే బైకులు, ఆటోల మీద పానింగ్, అంటే కదిలే బండితో పాటే కెమెరా తిప్పుతూ తీయడం, ప్రాక్టీస్ చేస్తున్నాను. షట్టర్ 1/250 (సెకనులో 250వ వంతు) పెడితే బండి బ్రహ్మాండంగా వస్తోంది, కానీ వెనక గోడ మీది పోస్టరు కూడా అంతే బ్రహ్మాండంగా చదవొస్తోంది. నడిరోడ్డు మీద బండి ఆపి తీసినట్టుంది. పోనీ అని 1/30 పెడితే బండీ లేదు, గోడా లేదు, అంతా రంగుల పులుసు.

అడగాల్సినవి చాలా ఉన్నాయి. అసలు ఎంత షట్టర్ పెట్టాలి? ట్రైపాడ్ కొనాలా? లెన్స్ మీద స్టెబిలైజర్ ఉంచాలా, ఆపాలా? యూట్యూబ్‌లో ఒకాయన ఆపమంటాడు, ఇంకొకాయన ఉంచమంటాడు. త్వరలో మా కాలేజీ వాళ్ల సైకిల్ రేసు ఉంది, ఫొటోలు నన్నే తీయమన్నారు. టెన్షన్‌గా ఉంది.

లెన్సుమామ

తమ్ముడూ, 250 నుంచి 30కి ఒకేసారి దూకితే ఎవరికైనా అంతే. 1/125తో మొదలుపెట్టు. పదిలో ఏడెనిమిది బాగా వస్తున్నాయనుకున్నాక 1/80కి దిగు, తర్వాత 1/60కి. బైకులకి అక్కడే చాలా మంచి ఫొటోలొస్తాయి.

నువ్వు సెట్టింగులు రాశావు కానీ ఎలా నిలబడుతున్నావో రాయలేదు. అక్కడే ఉంటుంది అసలు సంగతి. బండి వచ్చే వైపుకి తిరిగి నిలబడి, అది ఎదురుగా వచ్చేసరికి నడుము తిప్పేవాళ్లే ఎక్కువ. అలా చేస్తే సరిగ్గా క్లిక్ చేయాల్సిన క్షణానికి నడుము మెలిపడి బిగుసుకుపోయి ఉంటుంది. తిరగేసి చెయ్యి. బండిని ఎక్కడ తీయాలనుకుంటున్నావో పాదాలు రెండూ ఆ చోటుకి ఎదురుగా పెట్టు. అక్కడి నుంచి నడుము మాత్రమే బండి వచ్చే వైపు తిప్పి దాన్ని ఫ్రేమ్‌లో పట్టుకో. బండి దగ్గరికొచ్చే కొద్దీ మెలి విప్పుకుంటూ వస్తావు, క్లిక్ కొట్టే సమయానికి ఒళ్లు వదులుగా ఉంటుంది. మోచేతులు డొక్కలకి ఆనించు. కదలాల్సింది నడుము, చేతులు కాదు.

క్లిక్ అయిపోయింది కదా అని కెమెరా ఆపెయ్యకు. బౌలర్ బంతి వదలగానే చెయ్యి అక్కడే ఆపేస్తాడా? షట్టర్ మూసుకున్నాక కూడా బండి వెంటే కాసేపు వెళ్లు. ఆగిపోవాలన్న ఆలోచన మొదలైతే చాలు, షట్టర్ తెరిచి ఉండగానే చెయ్యి నెమ్మదిస్తుంది.

ఫోకస్ ఏఐ సర్వోలో (కదిలే వస్తువు వెంటే ఫోకస్ పోయే మోడ్) పెట్టు, పాయింట్ ఒకటే ఎంచుకో, బండి ఇంకా దూరంగా ఉండగానే బటన్ సగం నొక్కి పట్టుకో. వరసగా నాలుగైదు ఫ్రేములు పడేలా కొట్టు, మధ్యలోవి బాగుంటాయి. ట్రైపాడ్ ఇప్పుడే కొనకు.

లెక్కలమాస్టారు

లెన్సుమామ గారు చెప్పినదంతా నిజం. ఈ 250, 125, 60 అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో కూడా తెలిస్తే కుర్రాడు సైకిళ్లకి, రైళ్లకి తనే లెక్క వేసుకుంటాడు.

షట్టర్ తెరిచి ఉన్నంతసేపట్లో బండి ఎంత దూరం పోయింది, ఆ దూరం మీ ఫ్రేమ్ వెడల్పులో ఎన్నో వంతు, ఈ రెండూ చూడాలి. గంటకు 40 కిలోమీటర్లతో పోయే బైకు సెకనుకు 11 మీటర్లు దాటుతుంది. ముందూ వెనకా కాస్త జాగా వదిలి ఫ్రేమ్ పెడితే బైకు ఉన్నచోట ఫ్రేమ్ వెడల్పు 4 మీటర్లనుకుందాం. 1/250లో బైకు కదిలేది నాలుగున్నర సెంటీమీటర్లు. 4 మీటర్లలో అది నూటికి ఒక వంతు. మీ గోడ మీది పోస్టరు అంతే చెదిరింది, అందుకే చదవొస్తోంది. 1/60లో 18 సెంటీమీటర్లు, నూటికి నాలుగున్నర వంతులు. 1/30లో 37 సెంటీమీటర్లు, నూటికి తొమ్మిది దాటింది. నా కంటికి నూటికి 5 నుంచి 8 మధ్య ఉంటే వేగం తెలుస్తుంది. ఇది నా ఇష్టం, సూత్రం కాదు.

మరి 1/30లో బండి ఎందుకు పోయింది? మీ కెమెరా ఫొటో వెడల్పు 6000 పిక్సెళ్లు. 1/250లో వెనక గీత పొడవు 60, 70 పిక్సెళ్లు. మీరు కెమెరా తిప్పిన వేగానికీ బండి వేగానికీ నూటికి పది తేడా ఉందనుకోండి, బండి చెదిరేది ఆరేడు పిక్సెళ్లే. ఎవరికీ కనబడదు. 1/30లో గీత 550 పిక్సెళ్లు. అదే పది శాతం తప్పుకి బండి 55 పిక్సెళ్లు చెదిరిపోతుంది, నంబరు ప్లేటు మాయం. షట్టర్ రెట్టింపు నెమ్మది చేసిన ప్రతిసారీ మీ చెయ్యి రెట్టింపు కచ్చితంగా ఉండాలి.

ఇంకో మాట. 200 ఎంఎంతో దూరం నుంచి తీసినా, 50 ఎంఎంతో దగ్గర నుంచి తీసినా, బండి ఫ్రేమ్‌లో అంతే సైజులో ఉంటే గీత పొడవు కూడా అంతే. లెన్స్ మారిస్తే షట్టర్ లెక్క మారదు. వెనక ఉన్నది పది అడుగుల్లోని గోడైనా, కిలోమీటరు అవతలి కొండైనా గీత అంతే, ఎందుకంటే మీరు ఒకచోటే నిలబడి కెమెరా తిప్పుతున్నారు.

చార్మినార్ చాయ్

మాస్టారూ, ఆ చివరి మాట ఒప్పుకోను. వెనక కొండలుంటే నాకు ఎప్పుడూ గీతలు రాలేదు, బజారుంటేనే వచ్చాయి.

లెక్కలమాస్టారు

కొండ కూడా చెదురుతుందండి, కానీ చెదిరినట్టు కనబడాలంటే అందులో వెలుగు నీడలు, రంగులు పక్కపక్కన ఉండాలి. ఒకే ఆకుపచ్చ ఎంత చెదిరినా ఆకుపచ్చే. ఆకాశం మరీ దారుణం. బజారులో సైన్‌బోర్డులు, బల్బులు, చీరలు, పండ్ల బండ్లు ఉంటాయి కాబట్టి గీతలు పండుతాయి.

చార్మినార్ చాయ్

సరే, ఇది ఒప్పుకున్నా. అట్లయితే కుర్రాడికి నా సలహా ఒకటే: ముందు గోడను చూసుకో, తర్వాత బండి కోసం చూడు. నేను పాతబస్తీలో గాజుల దుకాణాల ముందు నిలబడి ఆటోలు తీస్తా. ఏ ఆటో వస్తదో నా చేతిలో లేదు, వెనక ఏముండాలో మాత్రం నా చేతిలోనే ఉంది. ఆటో పసుపు, వెనక ముదురు రంగులు పడితే మస్తుగ ఉంటది.

సాగరతీరం

స్టెబిలైజర్ సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను రాస్తాను. విశాఖలో ఆటల పోటీలు తీస్తుంటాను, ఈ తలనొప్పి రోజూ ఉండేదే.

స్టెబిలైజర్ పని కెమెరా కదలికని అడ్డుకోవడం. పానింగ్‌లో మనం కావాలనే కదుపుతాం. మామూలు మోడ్‌లో ఉంటే అది మన మీద తిరగబడుతుంది, వ్యూఫైండర్‌లో బొమ్మ ఒక్కసారి వెనక్కి లాగినట్టు అనిపిస్తుంది. అందుకే కానన్ పెద్ద లెన్సుల మీద మోడ్ 2 అని ఒక స్విచ్ ఇస్తారు. అది అడ్డంగా తిప్పే కదలికను వదిలేసి, పైకీ కిందకీ ఊగేదాన్ని మాత్రమే సరిచేస్తుంది. సోనీ 70-200, 200-600 లాంటి వాటికీ మోడ్ 2 అంటే ఇదే. నికాన్‌లో నార్మల్ మోడ్ పానింగ్‌ని తనే గుర్తుపడుతుంది. వాళ్ల యాక్టివ్ మోడ్ కదిలే వాహనంలో కూర్చుని తీయడానికి, దీనికి పనికిరాదు.

రాజమండ్రి తమ్ముడి 55-250 మీద ఆన్, ఆఫ్ తప్ప మోడ్ స్విచ్ లేదు. కాబట్టి ఒకే చోట, ఒకే షట్టర్‌తో కొన్ని ఆన్‌లో, కొన్ని ఆఫ్‌లో తీసి కంప్యూటర్‌లో పక్కపక్కన పెట్టి చూసుకో. అప్పుడు వెనక గీతల్ని పెద్దది చేసి చూడు. గీతలు తిన్నగా స్కేలుతో గీసినట్టుంటే నీ చెయ్యి సమంగా తిరిగింది. అలలు అలలుగా ఉంటే చెయ్యి పైకీ కిందకీ ఊగుతోంది. గీత తిన్నగా ఉండి బండి మాత్రం అడ్డంగా చెదిరితే ఊపు సరిపోలేదు, అంటే తిప్పే వేగం ఎక్కువో తక్కువో అయింది. ఏది తప్పో తెలియకుండా షట్టర్ అంకె మారుస్తూ కూర్చుంటే లాభం లేదు.

రాజమండ్రి కుర్రాడు

అక్కా, చూశాను. నావి అలలు! ఆపి ఉంచితే ఇంకా పెద్ద అలలు. మోచేతులు డొక్కలకి ఆనించాక తగ్గాయి. లెన్సుమామ గారూ, పాదాల సంగతి నిజంగా పనిచేసింది, 1/80లో ఒక బుల్లెట్ బండి నంబరుతో సహా పడింది. కాకపోతే హెడ్‌లైట్ షార్ప్‌గా ఉంది, వెనక చక్రం దగ్గర మెత్తగా ఉంది. ఒకే బండి కదా, సగం షార్ప్ ఏమిటి?

లెక్కలమాస్టారు

ఎంత దగ్గర నుంచి తీశారు, ఎంత జూమ్‌లో?

రాజమండ్రి కుర్రాడు

55లోనే అండి. రోడ్డు పక్కనే నిలబడ్డా.

లెక్కలమాస్టారు

అదే కారణం. బండి తిన్నగా పోతుంది, మీ కెమెరా గుండ్రంగా తిరుగుతుంది. ఫ్రేమ్ మధ్యలో రెండు కదలికలూ కలుస్తాయి, అంచులకి పోయే కొద్దీ విడిపోతాయి. దగ్గర నుంచి వైడ్‌గా తీస్తే ఈ తేడా పెద్దది. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరా మీద 24 ఎంఎం లెన్స్‌లో అంచు దగ్గర తేడా సగం దాటుతుంది, 200 ఎంఎంలో ఒక శాతం కూడా ఉండదు. వెనక్కి జరిగి జూమ్ చేయండి, బండి మొత్తం ఒకేలా వస్తుంది. బండి సరిగ్గా మీ ఎదురుగా ఉన్న క్షణంలో కొట్టండి. ఏటవాలుగా మీ వైపు వస్తున్నప్పుడు దాని సైజు కూడా మారిపోతూ ఉంటుంది, అప్పుడు ఎంత బాగా తిప్పినా లాభం లేదు.

ఆస్టిన్ ఆంధ్రుడు

మాస్టారి చివరి మాటకి రేస్‌ట్రాక్ మీద ఒక చిట్కా ఉంది. మలుపుకి లోపలి వైపు నిలబడే వీలుంటే, కారు మీ చుట్టూ తిరిగినట్టే తిరుగుతుంది. దూరం మారదు కాబట్టి ఫోకస్ మారదు, తిప్పే వేగమూ మారదు. ఏటవాలు బాధ ఉండదు. ఇక్కడ ఆస్టిన్‌లో సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్ అనే రేస్‌ట్రాక్ ఐదున్నర కిలోమీటర్ల పొడవు, 20 మలుపులు. టికెట్ కొన్నవాళ్లు తిరగగలిగిన చోట్ల అలాంటి మలుపు ఎక్కడుందో ముందు రోజు ప్రాక్టీసులోనే వెతుక్కుంటాను.

కొత్తవాళ్లు ఎక్కువగా భయపడేది కంచెకి. ప్రేక్షకులకీ ట్రాక్‌కీ మధ్య ఇనుప వల ఉంటుంది, 1/1000లో తీస్తే వల గళ్లు ఫొటో నిండా పడతాయి. పానింగ్‌లో మాత్రం వల కూడా కదలని వస్తువే కాబట్టి మనం తిప్పే ఊపులో అది చెదిరి పల్చబడిపోతుంది. కాంట్రాస్ట్ కాస్త తగ్గుతుంది, అది తర్వాత సరిచేసుకోవచ్చు. ఫోకస్ మాత్రం వల మీదికి పోకుండా చూసుకోవాలి. లెన్స్‌ని వలకి వీలైనంత దగ్గరగా పెట్టాలి.

గంటకు 200 కిలోమీటర్ల కారుకి 1/125 కూడా నెమ్మదే. మాస్టారి లెక్క ప్రకారం 8 మీటర్ల ఫ్రేమ్‌లో నూటికి ఐదున్నర వస్తుంది. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ (కరెంటు కార్ల రేసు) జరిగినప్పుడు ఎవరైనా తీశారా ఇక్కడ?

లెన్సుమామ

తీశాను. వల బాధ అక్కడా ఉంది, నువ్వు చెప్పినట్టే పానింగ్‌లో మాయమైంది. ఆ కార్లకి చప్పుడు తక్కువ. మామూలు రేసు కారైతే చెవితోనే తెలుస్తుంది, కెమెరా ఎత్తి సిద్ధంగా ఉంటాం. వీటికి కన్ను ట్రాక్ మీదే ఉంచాలి. రెండు కళ్లూ తెరిచి తీయడం అలవాటు లేకపోతే కష్టమే, ఎడమ కన్ను మూస్తే వచ్చేది కనబడదు.

ఎందుకింత కష్టం

ఇదంతా చదివాక ఒక సందేహం. 1/1000లో షార్ప్‌గా తీసేసి, ఇంటికొచ్చి ఫొటోషాప్‌లో బండిని కట్ చేసి వెనక బ్లర్ పెడితే ఐదు నిమిషాల పని కదా?

సాగరతీరం

ఐదు నిమిషాల్లో చేసినవి ఐదు సెకన్లలో దొరికిపోతాయి. చక్రాలు ఆగిపోయి కనబడతాయి, ఊచలు లెక్కపెట్టొచ్చు. ఊచల మధ్యలోంచి కనబడే రోడ్డు చెదరకుండా ఉండిపోతుంది. బండి చుట్టూ తెల్లటి అంచు. రోడ్డు మీద నీడ బండితో పాటు పోవాలి కదా, అది గీతల్లో కలిసిపోతుంది.

ప్రకటనల కోసం చేసేవాళ్లు శ్రద్ధగా చేస్తారు, వాళ్లకది రోజంతా పట్టే పని. పత్రికకి మాత్రం అలా ఇవ్వకూడదు. జరగనిది జరిగినట్టు చూపించడం అవుతుంది.

ఎందుకింత కష్టం

నా సొంత ఇన్‌స్టాగ్రామ్‌కి ఎవరూ అడగరు లెండి.

చార్మినార్ చాయ్

నిజమే అన్నా, ఎవరూ అడగరు. చక్రం తిరుగుతున్నట్టు లేకుంటే చూసి ముందుకు జరుపుతరు, అంతే.

ఫోన్‌తోనే

నా దగ్గర కెమెరా లేదు. ఫోన్‌తో కుదురుతుందా?

ఆస్టిన్ ఆంధ్రుడు

శాంసంగ్ లాంటి ఫోన్లలో ప్రో మోడ్‌లో షట్టర్ 1/60, 1/30 పెట్టుకోవచ్చు. ఐఫోన్ సొంత యాప్‌లో షట్టర్ చేతికివ్వరు, వేరే కెమెరా యాప్ వేసుకోవాలి. 2021లో వచ్చిన గూగుల్ పిక్సెల్ 6 నుంచి యాక్షన్ పాన్ అని ఒక మోడ్ ఉంది, అది బండిని గుర్తుపట్టి వెనక భాగాన్ని తనే గీతలుగా మారుస్తుంది. ఒక్కోసారి రైడర్ చెవిని కూడా కలిపి మార్చేస్తుంది! ఎండలో ఫోన్‌తో కష్టం. చాలా ఫోన్లలో లెన్స్ అపర్చర్ (వెలుగు వచ్చే రంధ్రం) మూసుకోదు, నెమ్మది షట్టర్‌కి ఫొటో తెల్లగా కాలిపోతుంది. పొద్దు వాలాక తీయండి.

రాజమండ్రి కుర్రాడు

ఎండ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. సైకిల్ రేసు పొద్దున తొమ్మిదిన్నరకి మొదలై మధ్యాహ్నం దాకా ఉంటుందట. 1/30కి ఫొటో అంతా తెల్లగా పోతోంది.

సాగరతీరం

మిట్టమధ్యాహ్నం ఎండకి పాత లెక్క ఒకటుంది: ఐఎస్ఓ (సెన్సర్ వెలుగు పట్టే సెట్టింగు) 100, అపర్చర్ ఎఫ్/16 (ఈ అంకె పెరిగే కొద్దీ రంధ్రం చిన్నదవుతుంది) దగ్గర షట్టర్ 1/100. దాన్ని 1/25కి దించితే ఎఫ్/32 కావాలి. అంత మూస్తే ఒకటి, ఫొటో మొత్తం మెత్తబడుతుంది. రెండు, సెన్సర్ మీది దుమ్మంతా నల్లచుక్కలుగా లేస్తుంది. ఎన్‌డీ 8 ఫిల్టర్ (లెన్స్ ముందు తగిలించే నల్లద్దం) పెడితే మూడు స్టాపులు తగ్గుతాయి (ఒక్కో స్టాపుకి వెలుగు సగమవుతుంది), హాయిగా ఎఫ్/11లో తీసుకోవచ్చు. నీ లెన్స్‌కి 58 ఎంఎం సైజు కొను. అప్పటికి కొనలేకపోతే పోలరైజర్ ఎవరి దగ్గరైనా అడిగి తగిలించు, అది కూడా స్టాపున్నర, రెండు స్టాపులు తింటుంది. ఎన్‌డీ 64, 1000 లాంటివి అంటగడతారు, అవి జలపాతాలకి. వ్యూఫైండర్ చీకటైపోయి ఫోకస్ పట్టదు.

సైకిళ్లు 25 కిలోమీటర్ల వేగమనుకుంటే, 3 మీటర్ల ఫ్రేమ్‌కి 1/30 సరిపోతుందని మాస్టారి లెక్కలో తేలుతుంది. ఫోకస్ పాయింట్ మొహం మీద ఉంచు. తొక్కేటప్పుడు మోకాళ్లు, పాదాలు ఎలాగూ చెదురుతాయి, చెదరాలి కూడా. తల ఊపుతూ తొక్కేవాళ్లని వదిలెయ్. అందరూ షార్ప్‌గా రావాలని రేసంతా పానింగే చేస్తూ కూర్చోకు. కాలేజీకి కావాల్సింది గెలిచినవాడి మొహం. ముందు 1/1000లో అవసరమైనవి తీసి పెట్టుకుని, ఆ తర్వాత ఆడుకో.

కొల్లేటి కొంగ

బండ్లేనా, మాకూ చోటివ్వండి. చలికాలం కొల్లేటి పక్కన ఆటపాక వెళ్తే గూడబాతులు నీళ్ల మీద జానెడెత్తున రెక్కలు చాపి జారుతూ పోతుంటాయి. పానింగ్ నేర్చుకోడానికి అంత మంచి పిట్ట ఇంకోటి లేదు. బరువైన పక్షి, మలుపులు తిరగదు, తిన్నగా పోతుంది. 1/60లో తల, ముక్కు, ముక్కు కింద సంచీ షార్ప్‌గా ఉంటాయి, రెక్కల కొసలు చెదురుతాయి, వెనక జమ్ము అంతా ఆకుపచ్చ గీతలు. రెక్క కొట్టేటప్పుడు ఒళ్లు పైకీ కిందకీ ఊగుతుంది, జారేటప్పుడు ఊగదు. కాబట్టి రెండు మూడు సార్లు కొట్టి జారడం మొదలెట్టే దాకా ఆగండి.

పిట్టలకి ఏకపాయింట్ ఫోకస్ నాకు కుదరలేదు, జోన్ పెడతాను. పక్షి కన్ను పట్టే కెమెరాలున్నవాళ్ల సంగతి వేరు, వాళ్ల పని సగం కెమెరానే చేస్తోంది.

లెన్సుమామ

మలక్‌పేట రేసుకోర్సు గుర్రాలూ ఇంచుమించు ఇలాగే. గుర్రం తల ముందుకీ వెనక్కీ ఊగుతుంది, కాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. ఫ్రేమ్‌లో నిలకడగా ఉండేది జాకీ తల ఒక్కటే. ఫోకస్ అతని టోపీ మీద పెడతాను. 1/60లో జాకీ మొహం, గుర్రం మెడ వచ్చి కాళ్లు పొగలా పోతే అది మంచి ఫొటో. కాళ్లు కూడా షార్ప్‌గా కావాలంటే పానింగ్ మానెయ్యాలి.

అక్కడ ఒక తమాషా చూశాను. ట్రాక్ పక్క తెల్ల రెయిలింగ్ ఉంటుంది కదా, పానింగ్ ఫొటోలో దాని నిలువు కర్రలు మాయమైపోతాయి, అడ్డంగా ఉన్న బద్ద మాత్రం కత్తిలా నిలబడుతుంది. మనం తిప్పే దిశలోనే ఉన్న గీత చెదిరినా దాని మీదే చెదురుతుంది మరి. ఎవరో ఫొటోషాప్ అన్నారు నన్ను.

కెమెరా లోపలికి రానిస్తారో లేదో మాత్రం ముందే కనుక్కుని వెళ్లండి.

ఎందుకింత కష్టం

మామా, నా ఫొటోల్లో నిలువు కర్రలు మాయం కావట్లేదు, అన్నీ ఒక పక్కకి వాలిపోతున్నాయి! కరెంటు స్తంభాలు గాలివానకి ఒరిగినట్టున్నాయి. అవునండీ, పానింగే ప్రయత్నించా, నవ్వకండి.

లెన్సుమామ

షట్టర్ ఎలక్ట్రానిక్‌లో ఉందా? సైలెంట్ అని రాసి ఉంటుంది చూడు. అందులో సెన్సర్ పై వరస నుంచి కింది వరస దాకా ఒకదాని తర్వాత ఒకటి చదువుతుంది. పై వరస చదివినప్పుడు స్తంభం ఒకచోట ఉంటుంది, కింది వరసకి వచ్చేసరికి నువ్వు కెమెరా తిప్పేశావు కాబట్టి ఇంకోచోటికి పోతుంది. అందుకే వాలుతుంది. మెకానికల్ షట్టర్‌కి మార్చు, పోతుంది. నికాన్ జెడ్9 లాంటి వాటిలో చదివే వేగం చాలా ఎక్కువ కాబట్టి ఈ బాధ లేదు, సోనీ ఏ9 మార్క్ 3లో అన్ని వరసలూ ఒకేసారి చదువుతుంది. మన జేబుకి అవి కావు.

ఇది కొత్త రోగమేం కాదు. ఫ్రాన్సులో లార్టీగ్ అని ఒకాయన, ఇరవై ఏళ్లు కూడా నిండకముందే, 1910ల మొదట్లో గ్రాంప్రీ రేసు కారుని పాన్ చేస్తూ తీశాడు. ఆయన కెమెరాలో షట్టర్ అంటే సన్నటి చీలిక, అది ఫొటో మీద నిలువుగా జరుగుతూ పోయేది. ఆయన చెయ్యి కారు వేగాన్ని పూర్తిగా అందుకోలేదు. దాంతో కారు చక్రం కోలగా ముందుకు వాలింది, పక్కన నిలబడ్డ జనం వెనక్కి వాలారు. కారు ఫ్రేమ్ దాటి సగం బయటికి కూడా పోయింది. లెక్క ప్రకారం పానింగ్ తప్పింది. కానీ వేగం అనగానే నాకు గుర్తొచ్చే ఫొటో ఇప్పటికీ అదే. కాబట్టి వాలిపోయిన స్తంభాలన్నీ డిలీట్ చేసెయ్యకు, ఒకటి రెండు ఉంచు.

రైలుపిచ్చోడు

ఇంతసేపూ రైలు గురించి ఎవరూ మాట్లాడకపోవడం అన్యాయం. నాది బెజవాడ. మాస్టారి లెక్క చూశాక నాకు ఎందుకు కుదరట్లేదో అర్థమైంది. గంటకు 100 కిలోమీటర్ల రైలు కదా, 1/125 చాలనుకునేవాణ్ణి. ఇంజను ఒక్కటే 20 మీటర్ల పొడవుంటుంది, ఫ్రేమ్ 25 మీటర్లు పట్టాలి. అంత వెడల్పులో 1/60 పెట్టినా గీత నూటికి రెండు వంతులు రాదు. అందుకే ఆగి ఉన్నట్టొస్తోంది. 1/15కి దిగితే ఏడు దాటుతుంది. ఇంత పెద్ద వస్తువుకి సైకిలు కంటే నెమ్మది షట్టర్ కావాలని నాకు తట్టలేదు.

పట్టాల పక్క నిలబడి తీయడం ఎలాగూ కుదరదు, కూడదు కూడా. పొలం గట్టు మీద దూరంగా నిలబడి 200తో తీస్తే ఇంజను ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకేలా వస్తుంది, దగ్గరైతే కొసలు చెదురుతాయి. వెనక తాడిచెట్ల వరస ఉంటే చెప్పక్కర్లేదు. మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) ఇక్కడ బాగా పనిచేస్తుంది, 1/15 చేత్తో నాకు కాదు.

నిర్వాహకుడు

రెండు మాటలు. రైల్వే చట్టం సెక్షన్ 147 ప్రకారం అనుమతి లేకుండా పట్టాల వైపు చొరబడటం నేరం, రైలుపిచ్చోడు గారు చెప్పినట్టు పొలం గట్టు మీదే ఉండండి. రోడ్డు మీద తీసేవాళ్లు రాత్రిపూట ఎదురొచ్చే బండి మీద ఫ్లాష్ కొట్టకండి, నడిపేవాళ్లకి కళ్లు బైర్లు కమ్ముతాయి. ఇక్కడ పెట్టే ఫొటోల్లో తెలియనివాళ్ల నంబరు ప్లేట్లు కనబడకుండా చేయండి. రాజమండ్రి కుర్రాడి బుల్లెట్ ఫొటోకి నేనే చేశాను.

చార్మినార్ చాయ్

ఫ్లాష్ నేను వాడతా, కాని రిక్షా పక్కకొచ్చినంక, తొక్కేటాయన్ని ముందే అడిగి. రియర్ కర్టెన్‌లో పెట్టాలె. అంటే షట్టర్ మూసుకునే ముందు వెలుగుతది. మొదటే వెలిగితే లైట్ల గీతలు రిక్షా ముందు పడి, అది వెనక్కి పోతున్నట్టు కనబడతది. 1/15, ఫ్లాష్ పవర్ బాగా తగ్గించి.

సైకిల్ సీతాకోక

నేను బైకు వెనక కూర్చుని పక్కన పోయే సైకిల్‌ని తీస్తే అదీ పానింగేనా? మా గ్రూపు రైడ్‌లో అలా తీస్తుంటాను.

లెక్కలమాస్టారు

చూడ్డానికి అలాగే ఉంటుంది కానీ లెక్క వేరు. మీరూ సైకిలూ ఒకే వేగంతో పోతే కెమెరా తిప్పే పని లేదు, కాబట్టి 1/30 కూడా తేలిక. కాకపోతే ఇక్కడ దగ్గరి చెట్లు బాగా చెదురుతాయి, దూరపు కొండ దాదాపు కదలదు. రైలు కిటికీలోంచి చూసినట్టే. కొండ కూడా గీతలు కావాలంటే కిందకి దిగి నిలబడి తీయాల్సిందే. ఇలాంటప్పుడు నికాన్ వాళ్లు యాక్టివ్ మోడ్ పెట్టుకోవచ్చు.

నిర్వాహకుడు

బైకు నడిపేవాళ్లు వేరే, తీసేవాళ్లు వేరే అయితేనే. ట్రాఫిక్ లేని రోడ్డు మీదే.

కొల్లేటి కొంగ

సంక్రాంతికి ఆత్రేయపురం పడవ పోటీలకి వెళ్లే ఆలోచన ఉంది. పొడుగాటి పడవలు, పది పదిహేను కిలోమీటర్ల వేగం ఉంటుందేమో. మాస్టారూ, ఎంత పెట్టమంటారు?

లెక్కలమాస్టారు

పడవ మొత్తం పట్టాలంటే ఫ్రేమ్ 15 మీటర్లు వేసుకోండి. గంటకు 15 కిలోమీటర్లంటే సెకనుకు 4 మీటర్ల పైన. 1/15లో 28 సెంటీమీటర్లే, నూటికి రెండు. 1/4 దాకా దిగితే గానీ ఏడు రాదు, అంతసేపట్లో తెడ్డు సగం చుట్టు తిరిగేస్తుంది, మనుషులంతా చెదిరిపోతారు. పడవ మొత్తం వద్దు. ముందు కూర్చున్న ఇద్దరినీ 4 మీటర్ల ఫ్రేమ్‌లో పట్టండి, 1/15లోనే ఏడు వస్తుంది.

కొల్లేటి కొంగ

ముందు కూర్చున్న ఇద్దరు. బాగుంది. కాలవకి ఎండ ఏ వైపు పడుతుందో చూసుకుని చెప్తాను, ఆత్రేయపురం వాళ్లెవరైనా ఉంటే ఏ గట్టు మీద నిలబడితే మంచిదో రాయండి.

రాజమండ్రి కుర్రాడు

మా పిన్ని వాళ్లది ఆ పక్క ఊరే అండి, కనుక్కుంటాను. నేనూ వస్తా, ఎన్‌డీ ఫిల్టర్ తెచ్చుకుంటా.